పొయ్యి మీద సీసం

మూకుడులో సీసం కరిగి అద్దంలా తళతళలాడుతోంది. పైకి తేలిన తెట్టును చిన్నకోడలు గరిటెతో పక్కకు తోసి, అడుగునుంచి ఒక గరిటెడు ముంచి అచ్చులో పోసింది. కాసేపాగి అచ్చు విప్పి ఇసుక మీద దులిపింది. వేడి గుండ్లు టపటపా రాలాయి. వలల అంచుకు గుచ్చే గుండ్లవి. అవి లేకపోతే వల నీళ్ళలో మునగదు, పైన తేలుతూ చేపల్ని చూసి పళ్ళికిలిస్తుంది అంటుంది అత్త. తెల్లారకముందే పడవలు బయలుదేరతాయి, సాయంత్రానికల్లా రెండు సంచులు నిండాలని షావుకారు పొద్దున్నే కబురు పంపాడు. ఒక సంచీ సగానికి వచ్చింది. రెండోదానికి ఇంకా మడత విప్పలేదు.

ఆమె వెనక గచ్చు మీద మూడేళ్ళ బుడ్డోడు బోర్లా పడుకుని కడుపును చల్లటి నేలకేసి అదుముకుంటున్నాడు. ఏడుపు లేదు. పొద్దుట్నుంచీ ఏడ్చి ఏడ్చి వాడికి ఓపిక అయిపోయింది.

"కడుపు కదిలిందా వాడికి?" అంది అత్త. ఆమె గుమ్మం పక్కన కాళ్ళు చాపుకుని, ఒక్కో గుండునూ వేళ్ళ మధ్య తిప్పుతూ ఆకురాయితో అంచులు అరగదీస్తోంది. బూడిదరంగు పొడి ఆమె ఒళ్ళో సన్నగా పరుచుకుంది.

"లేదత్తా. ఆముదం పోస్తే అదీ కక్కేశాడు."

"వాళ్ళ నాన్నా ఇంతే. ఇంతున్నప్పుడు ఇలాగే నేలని కరుచుకుని పడుకునేవాడు. పెద్దయ్యాక పోలేదూ? వీడికీ పోతుందిలే. నువ్వు మూకుడు చల్లారనీకు."

పొద్దున అదే పొయ్యి మీద అన్నం వండారు. అన్నం గిన్నె దించి మూకుడు ఎక్కించారు. వీధి మొత్తానికి అదే పద్ధతి. పాత బ్యాటరీల్లోంచి పీకిన రేకులు, తుప్పు గొట్టాలు షావుకారు బండి మీద పంపుతాడు. గుండ్లు తూకం వేసి పట్టుకుపోతాడు. రోజంతా పోస్తే ఇద్దరాడవాళ్ళకు కలిపి, రేవులో మంచు దిమ్మలు మోసే మగవాడి కూలిలో సగం వస్తుంది. అయినా ఇల్లు కదలక్కర్లేదు, పిల్లలు కళ్ళ ముందే ఉంటారు. ఇంతకంటే ఏం కావాలని వీధిలో అందరూ అనుకుంటారు. పిల్లలు కళ్ళ ముందే ఉంటారన్నది మాత్రం నిజం. గుండ్లతోనే ఆడుకుంటారు, గుండ్లనే నోట్లో పెట్టుకుంటారు.

బుడ్డోడు నిరుడు చాలా మాటలు అనేవాడు. నీళ్ళు, పడవ, కాకి, తాత. ఇప్పుడు "అమ్మ" ఒక్కటే మిగిలింది. మిగతావి ఎక్కడ పారేసుకున్నాడో ఎవరికీ తెలీదు. "తండ్రి పోలిక" అని వీధి తీర్పు చెప్పేసింది. తండ్రిని వీధి వీధంతా మొద్దు అంటుంది. మొహం మీదే అంటారు, అతను పలుకుతాడు. బళ్ళో ఒక్క అక్షరం రాలేదు. మోసిన దిమ్మలకు లెక్క చెప్పలేడు, ఇచ్చింది పుచ్చుకుని వస్తాడు.

మధ్యాహ్నం ఎండ నెత్తిన ఉండగా వీధి చివర బాలబడికి వచ్చే నర్సు గుమ్మంలో నిలబడింది. పొయ్యి మీది మూకుడు చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అంతలోనే, పని చేసుకునేవాళ్ళ ముందు అలా నిలబడటం సిగ్గనిపించి కొంగు తీసేసింది.

"నీ కోసమే వచ్చానమ్మా. మొన్న బళ్ళో పిల్లల వేలు గుచ్చి రక్తం చూశాం గదా. మీ వాడి రక్తంలో సీసం ఉంది. బాగా ఉంది."

"సీసం రక్తంలోకి ఎట్లా వెళ్తుంది నర్సమ్మా? వాడికెవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టక్కర్లేదు. ఈ పొగ పీలుస్తాడు. ఈ పొడి నేలమీద పడుతుంది, వాడు నేలమీద ఆడి ఆ చేతులు నోట్లో పెట్టుకుంటాడు. పరీక్షలో అయిదు వస్తేనే మేం జాగ్రత్తపడమంటాం. వీడికి యాభై దాటింది. సాయంత్రం దాకా ఆగొద్దు, ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళు."

"సాయంత్రానికి సంచులు ఇవ్వాలి" అంది అత్త తల ఎత్తకుండానే.

చిన్నకోడలు ఒకసారి మూకుడు వైపు చూసింది, ఒకసారి పిల్లవాడి వైపు చూసింది. గరిటె ఇసుకలో గుచ్చి, చేతులు కడుక్కుని, వాణ్ణి భుజాన వేసుకుంది. ఆమె గడప దాటాక, పొయ్యి ముందు కూర్చోవడానికి అత్తే లేచింది.

ఆస్పత్రిలో వాడికి సూది పెట్టి, సీసాన్ని బయటికి లాగే మందు ఎక్కించారు. కొన్నాళ్ళు అక్కడే ఉంచారు. డాక్టరు మంచివాడే గాని తీరిక లేనివాడు. "మందు సగం పనే చేస్తుంది. మళ్ళీ అదే ఇంట్లో అదే పొగలో పడుకోబెడితే ఇదంతా వృథా. ఇల్లు మార్చండి, లేదా పని మార్చండి" అన్నాడు, చొక్కా మార్చుకోమన్నంత తేలిగ్గా.

చూడ్డానికి అత్త వచ్చిన రోజున నర్సు కూడా వచ్చింది. వరండా బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు.

"పోయిన మాటలు తిరిగొస్తాయా నర్సమ్మా?" అని అడిగింది చిన్నకోడలు.

"కొన్ని రావచ్చు. అన్నీ వస్తాయని చెప్తే అబద్ధమవుతుంది. ఉన్నవి పోకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది."

అత్త చాలాసేపు చీర అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది. "అమ్మా, ఒకటడుగుతా, ఏమనుకోకు. ఈ పరీక్ష పెద్దాళ్ళకీ చేస్తారా?"

"చేస్తాం. ఎవరికమ్మా?"

"నా చిన్నకొడుక్కి. పెద్దాడు పుట్టినప్పుడు నేనింకా చేపలమ్ముకునేదాన్ని. వాడు చురుగ్గానే ఉంటాడు, పడవ నడుపుతాడు. సీసం పని మొదలెట్టింది చిన్నాడు కడుపులో ఉన్నప్పుడు. వాడికి ఇప్పుడు రక్తం చూస్తే తెలుస్తుందా, ఎందుకిట్లా అయ్యాడో?"

"ఇప్పుడు ఒంట్లో ఎంతుందో తెలుస్తుంది. చిన్నప్పుడు అది వాణ్ణి ఏం చేసిందో ఏ పరీక్షా చెప్పదు."

"చెప్పదు" అంది అత్త, ఆ మాటను తూకం వేస్తున్నట్టు. "అక్షరాలు రావడంలేదని బద్ద విరిగేదాకా నేనే కొట్టాను. పలక వాడి నెత్తిమీదే పగలగొట్టాను. మొద్దు అన్న పేరు వీధిలోవాళ్ళు పెట్టింది కాదు. ముందు నా నోట్లోంచే వచ్చింది."

కోడలు లేచి పిల్లవాడి మంచం దగ్గరికి వెళ్ళింది.

పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చేలోపు పొయ్యి మీంచి మూకుడు దించేశారు. నర్సు చెప్పినట్టు పెరట్లో పైమట్టి తవ్వి దూరంగా పూడ్చి, కొత్త మట్టి పోశారు. చీపురుతో ఊడిస్తే పొడి లేస్తుంది, తడిగుడ్డతోనే తుడవాలని చెప్పింది. ఆ పని మొద్దు తీసుకున్నాడు. మంచు దిమ్మలు మోసి వచ్చి, ఒళ్ళు కడుక్కుని, బకెట్టు పక్కన పెట్టుకుని గోడ వార నుంచి గడప దాకా గచ్చంతా తుడిచేవాడు. నీళ్ళు మార్చి మళ్ళీ తుడిచేవాడు. మొద్దు ఆడదై పుట్టాల్సింది అని వీధి నవ్వుకుంది. అతనూ నవ్వేవాడు, తుడవడం మాత్రం మానలేదు.

పని పోయాక ఇంట్లో తిండి తగ్గింది. అందుకని అత్తాకోడళ్ళు కలిసి షావుకారు దగ్గరికి వెళ్ళారు. రేవు పక్కన ఆయనకు ఖాళీ షెడ్డొకటి ఉంది. దాంట్లో పొయ్యిలు పెట్టిస్తే వీధి ఆడవాళ్ళంతా అక్కడికే వచ్చి పోస్తారు, పని అయ్యాక అక్కడే స్నానం చేసి చీర మార్చుకుని ఇళ్ళకు పోతారు, పిల్లలకు పొగ తగలదు. అడిగింది ఇంతే.

షావుకారు వాళ్ళను కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించాడు. కోపగించుకునే మనిషి కాదు. "పెద్దమ్మా, నీ చేతి గుండు వలకి నగలాంటిది. నీ మాట కాదంటానా? కానీ ఆలోచించు. ఇప్పుడు పొయ్యి మీది, కట్టెలు మీవి, ఇల్లు మీది. షెడ్డు పెట్టాననుకో, పొయ్యి నాది, కట్టెలు నావి. రేపు మీ జబ్బు కూడా నాదే అంటారు. నాకెందుకమ్మా ఆ గొడవ? సీసానికి పాలు విరుగుడు. పిల్లలకి పాలు పట్టించండి. నేనే పంపిస్తాను."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. మర్నాటి నుంచి రేకుల బండి మీదే పాల పొట్లాలు వచ్చాయి. రేకుల మీద పొట్లాలు, పొట్లాల మీద బూడిద పొడి. వీధి ఆయన్ని మెచ్చుకుంది. పాలు పిల్లల ఒంటికి మంచివే గాని సీసానికి విరుగుడు కావని నర్సు ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పాలిచ్చిన చేతి ముందు, సూది గుచ్చిన చేతి మాట ఎవరికి ఎక్కుతుంది? పైగా బండివాడు చెవిలో ఇంకో మాట వేసి పోయాడు: పిల్లల్ని పరీక్షలకు పంపితే పైవాళ్ళొచ్చి పొయ్యిలు ఆర్పించేస్తారు, షావుకారు పక్క వీధి చూసుకుంటాడు. తర్వాతి నెల నర్సు బాలబడిలో సూదులు, దూది సర్దుకుని కూర్చుంటే బుడ్డోడు తప్ప ఒక్క పిల్ల కూడా రాలేదు.

వాడికి ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు సీసం ముప్పైకి దిగింది. ఇప్పుడు ముప్పై ఎనిమిది.

"ఎముకల్లో దాగింది కొంత మళ్ళీ రక్తంలోకి వస్తుంది. అది మామూలే" అంది నర్సు. "కానీ ఇంత పెరగకూడదు. ఇంకా ఎక్కణ్ణించో లోపలికి పోతోంది. పద, ఇల్లు చూద్దాం."

ఇల్లు ఒకప్పుడు ఒకటే. పెద్దకొడుకు పెళ్ళయ్యాక మధ్యలో గోడ లేపి రెండు చేశారు. ఇటుకలు చాలక గోడ తలెత్తు దాకా లేచి ఆగిపోయింది. పైకప్పు రెండిళ్ళకీ ఒకటే. నర్సు పీట ఎక్కి తడిదూదితో గోడ పైఅంచు తుడిచింది. దూది నల్లబడింది. గోడ అవతల పెద్దకోడలు మూకుడులో గరిటె తిప్పుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. చిన్నకోడలు వదులుకున్న వాటా కూడా ఆమే తీసుకుంది. ఇప్పుడు అటువైపు రెండు పొయ్యిలు.

నర్సు పీట దిగి అత్త వైపు చూసింది. అత్త ఒళ్ళో బుడ్డోడున్నాడు. ఆమె చీర కుచ్చిళ్ళలో బూడిదరంగు మెరుపు.

"అమ్మా, నువ్వు అటువైపు కూర్చుని అరగదీస్తున్నావా?"

అత్త కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుంది.

"ఆ చీరతోనే వీణ్ణి ఎత్తుకుంటున్నావా?"

"ఖాళీగా కూర్చుంటే ఎవరు పెడతారమ్మా?" అంది అత్త మెల్లిగా. "ఇక్కడ మానేశాం కదా, అక్కడ చేస్తే ఏమవుతుందిలే అనుకున్నాను." ఆమె పిల్లవాణ్ణి ఒళ్ళోంచి దించింది. వాడు మళ్ళీ ఎక్కబోతే చేయి అడ్డం పెట్టింది. వాడు ఆ చేయి పట్టుకుని "అమ్మ" అన్నాడు. వాడికి ఎవరైనా అమ్మే, ఏదైనా అమ్మే.

ఆ సాయంత్రం చిన్నకోడలు తోటికోడలి ఇంటికి వెళ్ళింది. పెద్దకోడలికి చాలా ఏళ్ళకు పుట్టిన ఆడపిల్ల, ఇప్పుడిప్పుడే పాకుతోంది. మొలతాడు తప్ప ఒంటి మీద ఏమీ లేదు. ఇసుకలో రాలిన గుండ్లను ఏరుకుని, ఏరుకున్నది ఏరుకున్నట్టు నోటికి తీసుకెళ్తోంది.

"అక్కా, గోడ మీంచి పొగ మా ఇంట్లోకి వస్తోంది. మావాడికి మళ్ళీ పెరిగింది."

"అయితే? నీ కొడుకు కోసం నా పొయ్యి ఆర్పుకోమంటావా?"

"నా కొడుకు కోసమే కాదు. దీన్ని కూడా ఒకసారి చూపించక్కా. నర్సమ్మ ఇక్కడే ఉంది, క్షణంలో అయిపోతుంది."

పెద్దకోడలు గబుక్కున పిల్లను ఎత్తుకుంది. "నా పిల్లకేం రోగం లేదు. సూది గుచ్చితేనే రోగం పుడుతుంది. గుచ్చకముందు మీవాడు బాగానే ఉన్నాడు, గుచ్చాక కదా జబ్బన్నారు." ఆమె పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "మీ బావ పడవ వాటా పెట్రోలుకే చాలడంలేదు. నీ మొగుడికి రేవులో కూలి ఉంది, మానుకున్నావు. నేను మానుకుంటే దీనికేం పెట్టను? పొగ రాకూడదంటే గోడ పైకి లేపుకో."

"గోడ లేపితే పొగ ఎక్కడికి పోతుంది? ఇక్కడే, దీని మీదే కూర్చుంటుంది."

"వెళ్ళవే" అంది పెద్దకోడలు. "వెళ్ళు. నాకివాళ సంచులు నింపాలి."

చిన్నకోడలు వచ్చేసింది. మొద్దు ఆ రోజు గచ్చు తుడిచాక పీట వేసుకుని, గోడ పైన చెక్కకు చెక్క దిగ్గొట్టి, సందుల్లో పాత గోనె కుక్కాడు. అయినా సందులు మిగిలాయి. కప్పు ఒకటే కదా. వీధి అవతలా పొయ్యిలే, ఇవతలా పొయ్యిలే. గాలి ఏ ఇంటిదని ఆపుతారు?

అత్త ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున్నే నూతి దగ్గర చీర రెండుసార్లు ఉతికి ఆరేసి, కోడలి చీర అడిగి కట్టుకుంది. గోళ్ళు తీసుకుంది, వేళ్ళ మధ్య ఇటుక ముక్కతో రుద్దుకుంది. పెద్ద అచ్చూ, ఆకురాయీ ఆమెవి, అటువైపు ఇంట్లోనే ఉన్నాయి. వాటి కోసం వెళ్తున్నానని చెప్పి గడప దాటింది.

పెద్దకోడలు అప్పుడే పొయ్యిలో కట్టెలు పేర్చి, మూకుడు నిండా రేకులు వేసి, అగ్గిపెట్టె కోసం వెతుకుతోంది. పిల్ల ఇసుక పక్కన కూర్చుని బుగ్గ ఉబ్బించుకుని ఏదో చప్పరిస్తోంది. అత్త వంగి పిల్ల నోట్లో వేలు పెట్టి గుండు బయటికి తీసింది. తడిసి మెరుస్తోంది. అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, కిటికీలోంచి బయటికి విసిరేసింది.

"సరుకు పారేస్తావేంటత్తా?" అంది పెద్దకోడలు.

అత్త వెళ్ళి పొయ్యికి అడ్డంగా, వీపు కట్టెలకు ఆనించి కూర్చుంది.

"అక్కడ కూర్చున్నావేం? లే, అంటించాలి."

"నేను లేవను."

"చెల్లి పంపిందా నిన్ను?"

"దానికి తెలీదు. అచ్చు కోసం వస్తున్నానని అబద్ధమాడి వచ్చాను." "ఈ పొయ్యి ముందు నేనొక బిడ్డని పెంచాను. వాణ్ణి చూసి వీధి నవ్వుతోంది. ఇప్పుడు వాడి కొడుకు. ఇది మూడోది. నీకు తెలుసు. తెలుసు గనకే దాని వేలు గుచ్చనివ్వడంలేదు."

పెద్దకోడలి మొహం ఎర్రబడింది. "తెలిస్తే ఏం చెయ్యమంటావు? చెప్పు, నేనేం తినాలో చెప్పు. దీనికేం పెట్టాలో చెప్పు."

"నాకు తెలీదు" అంది అత్త. "షెడ్డు అడుగుదాం. ఇద్దరం అడిగితే ఇవ్వలేదు. నువ్వూ వస్తే ముగ్గురం. ఇవ్వకపోతే ఇవ్వడు. ఆకలి వేస్తే ఏం చేస్తామో అప్పుడు చూద్దాం. ఇది మాత్రం ఇక్కడ వెలగనివ్వను. వెలిగించాలంటే నన్ను అవతలికి లాగెయ్. నీకు బలముంది, నేను ముసలిదాన్ని. లాగెయ్."

వీధిలో బండి ఆగిన చప్పుడయింది. "పెద్దమ్మా, నిన్నటి సంచులు తయారేనా? ఇవాళ్టికి ఇంకో రెండు కావాలన్నారు" అని బండివాడు కేకేశాడు. పాల పొట్లాలు గడప మీద ధబ్బున పడ్డాయి. చుట్టుపక్కల ఇళ్ళ కప్పుల మీంచి అప్పటికే పొగ లేస్తోంది.

బండివాడు మళ్ళీ పిలిచాడు.

పెద్దకోడలు పిల్లను చంకకెత్తుకుని అగ్గిపుల్ల గీసింది. మంటకూ కట్టెలకూ మధ్య ముసలామె ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుల్ల కాలి కాలి వేళ్ళ దాకా వచ్చి ఆరిపోయింది. పెద్దకోడలు పెట్టె తెరిచి ఇంకో పుల్ల తీసింది.